అరవై కిలోల కుక్కను ఎత్తేదెవరు?

పెద్ద జాతి కుక్కపిల్లను తెచ్చుకుందామని ఎవరైనా సలహాకు వస్తే నేను మొదట అడిగేది ఒకటే. దానికి కాళ్ళు పడిపోయిన రోజున మెట్ల మీద నుంచి ఎవరు దించుతారు? వచ్చినవాళ్ళు ధర చెబుతారు, రంగు చెబుతారు, తండ్రి కుక్క ఫొటో ఫోన్లో చూపిస్తారు. ఈ ప్రశ్నకు మాత్రం వాళ్ళ దగ్గర జవాబు ఉండదు. విజయవాడ వన్ టౌన్‌లో ఇది మరీ గట్టిగా అడగాల్సిన ప్రశ్న. మా వీధుల్లో ఇళ్ళన్నీ కింద కొట్టు, వెనక గోడౌను, పైన కాపురం. మెట్లు నిటారుగా ఉంటాయి. ఎదురుగా మనిషి వస్తే ఒకరు గోడకు ఒదిగి నిలబడాలి. అలాంటి ఇంట్లో రెండో అంతస్తులో గ్రేట్ డేన్‌ను పెంచాలనుకునేవాళ్ళు పిల్లను చూసి ముచ్చటపడే ముందు ఆ మెట్లను చూసుకోవాలి.

మాది శివాలయం వీధి పక్క సందు. మామగారి కాలం నుంచీ స్టీలు, ఇత్తడి సామాన్ల హోల్‌సేల్ వ్యాపారం. మా పెద్దాడు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఒక సంక్రాంతికి గ్రేట్ డేన్ పిల్లను ఒళ్ళో పెట్టుకుని దిగాడు. పండగ వెళ్ళాక వాడు బెంగళూరు వెళ్ళిపోయాడు. భీముడు మాకు మిగిలాడు. ఇప్పుడు భీముడికి ఏడేళ్ళు నిండాయి. ఆ జాతికి అది ముసలితనమే. ఇన్నేళ్ళుగా వాడికి వండింది, వాణ్ణి తిప్పింది, గోడల మీది చొంగ తుడిచింది, రాత్రిళ్ళు లేచి చూసింది నేనూ మా చిన్న కోడలూ. వాడంటే నాకు ప్రాణం. వాడి లాంటి కుక్కలు మరిన్ని ఇళ్ళల్లో సుఖంగా ఉండాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను చూసినంతలో పెద్ద కుక్కను కొనాలని ముచ్చటపడేది ఒకరు, పెంచేది మరొకరు. కొనేది సాధారణంగా ఇంట్లో కుర్రాళ్ళు. పెంచేది వాళ్ళ అమ్మలు, భార్యలు. కుర్రాడికి కాలేజీ ఉంటుంది, ఉద్యోగం ఉంటుంది, ఊరు మారడం ఉంటుంది. కుక్కకు ఇల్లు ఒక్కటే. అందుకని నా అభిప్రాయం ఖరాఖండిగా చెబుతున్నాను. పగలంతా ఇంట్లో ఉండే మనిషి మనస్ఫూర్తిగా ఒప్పుకోకపోతే ఆ ఇంటికి పెద్ద కుక్క రాకూడదు. బలవంతం మీదో, మొహమాటం మీదో ఒప్పుకున్నది లెక్కలోకి రాదు. పిల్ల ఇంట్లో అడుగుపెట్టాక ఏ ఆడమనిషీ దాన్ని ఆకలితో ఉంచదు. ఆ సంగతి తెలుసు కాబట్టే మగపిల్లలు అడగకుండా తెస్తారు. ఇది అన్యాయం.

ఇక ఆ పిల్ల ఎదిగే వేగం సంగతి. గ్రేట్ డేన్ పిల్ల పుట్టినప్పుడు అటూ ఇటూగా అర కిలో ఉంటుంది. ఏడాది తిరిగేసరికి యాభై కిలోలు దాటుతుంది. పూర్తిగా ఎదిగిన మగది 55 నుంచి 80 కిలోల దాకా తూగుతుంది. సెయింట్ బెర్నార్డ్‌దీ ఇంచుమించు అదే లెక్క. మాస్టిఫ్ అయితే ఇంకా పైనే. ఒంటి బరువు ఇంత త్వరగా పెరుగుతుంటే ఎముకలూ కీళ్ళూ దానితో సమంగా గట్టిపడటానికి ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది. ఆ మధ్య కాలంలో మనం చేసే పనులే దాని బతుకంతా వెంటాడతాయి.

భీముడు వచ్చిన కొత్తల్లో చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ "కాల్షియం పట్టండి, కాళ్ళు బలంగా వస్తాయి" అనేవాళ్ళు. కొందరు సిరప్ సీసాలు కూడా తెచ్చి ఇచ్చారు. మా డాక్టరుగారు ఆ సీసాలన్నీ పక్కన పెట్టించారు. చిన్న పిల్లగా ఉన్నప్పుడు కుక్క ఒంటికి అక్కర్లేని కాల్షియాన్ని వదిలేసే శక్తి సరిగా ఉండదు. పెట్టినదాంట్లో ఎక్కువ భాగం ఒంటికి పట్టేసి ఎముక కొసన ఉండే మెత్తటి భాగం దెబ్బతింటుంది, కాళ్ళు వంకరపోతాయి. నెదర్లాండ్స్‌లో యుట్రెక్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1980లలో గ్రేట్ డేన్ పిల్లల మీదే దీన్ని పరిశీలించి తేల్చారు. పెద్ద జాతి పిల్లలకని విడిగా అమ్మే మేతలో కాల్షియం లెక్క ప్రకారం కలిపి ఉంటుంది. దాని మీద సిరప్ పట్టడం మంచి కన్నా చెడే ఎక్కువ చేస్తుంది. పిల్ల బొద్దుగా ఉంటే ముచ్చటగా ఉంటుంది గానీ, పెద్ద జాతి పిల్ల సన్నగానే ఉండాలి. పక్కన చెయ్యి వేస్తే డొక్క ఎముకలు వేళ్ళకు తెలియాలి. త్వరగా పెంచి సందులో నలుగురికీ చూపించాలన్న ఆత్రం ఉన్నవాళ్ళు ఈ కుక్క జోలికి వెళ్ళకపోవడమే మేలు.

ఇంకోటి నేల. ఈ మధ్య ప్రతి ఇంట్లోనూ నున్నటి గ్రానైట్, టైల్స్. దాని మీద పిల్ల కాళ్ళు జారుతూ పరిగెడుతుంటే అందరూ నవ్వుతారు. తుంటి కీలు గుంటలో సరిగా కుదురుకోని జబ్బు ఈ జాతుల్లో ముందే ఉంది, జారుడు నేల దాన్ని ఇంకా పెంచుతుంది. మేము హాలంతా గోనెపట్టాలు పరిచాం. హోల్‌సేల్ వీధుల్లో గోనెసంచులకు కరువేముంది! వారానికోసారి దులిపి, ఎండలో వేసి, మళ్ళీ పరిచేవాళ్ళం. ఏడాదిన్నర వచ్చేదాకా వాణ్ణి మెట్లు దిగనివ్వలేదు. చిన్నప్పుడు ఎత్తుకుని దించాం. ఎత్తలేని బరువు వచ్చాక వాడి కాపురమే కింద గోడౌను పక్క గదికి మార్చాం.

ఈ జాతుల్లో నేను అన్నిటికన్నా భయపడేది కడుపు మెలితిరగడం. ఛాతీ లోతుగా ఉన్న పెద్ద కుక్కలకు ఇది ఎక్కువ, గ్రేట్ డేన్‌కు మరీ ఎక్కువ. తిన్న కాసేపటికి కడుపు గాలితో ఉబ్బి, తన చుట్టూ తాను తిరిగిపోయి, లోపలికీ బయటికీ దారి మూసుకుపోతుంది. రక్తం ఆడదు. గంటల్లో ప్రాణం పోతుంది. భీముడికి నాలుగో ఏట ఒక రాత్రి అలా అయింది. గోడౌనులో అటూ ఇటూ తిరుగుతున్నాడు, కూర్చోడు, పడుకోడు. వాంతి చేసుకోవాలని మెడ చాస్తున్నాడు, నురగ తప్ప ఏమీ రావట్లేదు. ఎడమ డొక్క గట్టిగా బిగుసుకుపోయింది. కోడలు అది చూడగానే "అత్తయ్యా, ఇది గ్యాస్ కాదు" అంది. అంతకుముందు డాక్టరుగారు చెప్పిన గుర్తులన్నీ తను రాసి గోడకు అంటించి పెట్టింది. ఆ వేళప్పుడు ఏ క్యాబ్ వాడూ కుక్కను ఎక్కించుకోనన్నాడు. కాళేశ్వరరావు మార్కెట్‌కు కూరగాయలు దించడానికి వచ్చిన ట్రాలీ ఆటో అబ్బాయి సాయం పట్టాడు. దుప్పటిలో వేసి మా ఆయన, చిన్నాడు, ఆ అబ్బాయి కలిసి బండిలోకి ఎత్తారు. ఆపరేషన్ చేసి కడుపు సరిచేసి, మళ్ళీ తిరగకుండా లోపలి గోడకు కుట్టారు. వాడు బతికాడు.

అప్పుడే తెలిసింది, ఆ కుట్టు ముందుగానే వేయించుకోవచ్చని. గర్భసంచి తీసేటప్పుడో, మగదానికి వృషణాలు తీసేటప్పుడో అదే మత్తులో కడుపును కూడా కుట్టేస్తారు. గ్రేట్ డేన్ కొనేవాళ్ళు కుక్క ధరతో పాటు ఈ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. రోజుకు ఒక్కసారే గిన్నె నిండా పెట్టకూడదు, రెండు మూడు సార్లుగా పెట్టాలి. తిన్నాక గంటన్నా పరుగులు పెట్టనివ్వకూడదు. మెడ వంచనక్కర్లేకుండా గిన్నె ఎత్తు మీద పెట్టడం మంచిదని చాలామంది అనుకుంటారు. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్ళు 2000లో ప్రకటించిన పరిశీలనలో అలా పెట్టిన కుక్కల్లోనే ఈ జబ్బు ఎక్కువగా కనబడింది. భీముడు ఆబగా తింటాడని, వెడల్పు తపేలా మధ్యలో చిన్న గిన్నె బోర్లించి, చుట్టూ అన్నం వేస్తాం. ఆ గిన్నె చుట్టూ నాలుక తిప్పుకుంటూ తినేసరికి మూడింతల సమయం పడుతుంది. దీనికి వందలు పోసి ప్రత్యేకమైన పళ్ళెం కొనక్కర్లేదు.

మా ఊరి ఎండ సంగతి వేరే చెప్పాలా. మేలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. దాని మీద కృష్ణ గాలిలోని ఉక్క. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, పాదాల అడుగున కొద్దిగా పడుతుంది, అంతే. నాలుక చాచి రొప్పడమే దానికి ఒళ్ళు చల్లార్చుకునే దారి. గాలిలో తేమ నిండి ఉంటే నాలుక మీది తడి ఆరదు, ఎంత రొప్పినా వేడి తగ్గదు. ఒళ్ళు ఎంత పెద్దదైతే లోపలి వేడి బయటికి పోవడం అంత ఆలస్యం. భీముడికి పొట్టి బొచ్చు కాబట్టి తెల్లవారుజామున వీధి చిమ్మే వేళకు ఒక తిప్పు, రాత్రి కొట్లు కట్టేశాక ఒక తిప్పు, మధ్యలో తడి గోనెపట్టా మీద ఫ్యాను కింద పడకతో నెట్టుకొచ్చాం. సాయంత్రం అయినా రోడ్డు మీద చేతి వెనకవైపు ఆనించి చూసుకోనిదే వాణ్ణి బయటికి తీసుకెళ్ళం. మనకు కాలితే వాడి పాదాలకూ కాలుతుంది.

ఇక సెయింట్ బెర్నార్డ్. బ్రాహ్మణ వీధిలో ఉండే మా చిన్నాడి స్నేహితుడు నిరుడు ఒకదాన్ని కొనబోతూ "పిన్నిగారూ, ఒకసారి ఫొటో చూడండి" అని వచ్చాడు. పిల్ల చక్కగా ఉంది. నేను ఒద్దన్నాను. ఆ కుక్క పుట్టిల్లు స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దులో 2,469 మీటర్ల ఎత్తున ఉన్న కనుమ. ఏడాదిలో ఎక్కువ నెలలు మంచే. అక్కడి మఠంలో క్రైస్తవ సన్యాసులు దాన్ని పదిహేడో శతాబ్దం నుంచి పెంచారు. వాటిల్లో పేరు మోసిన బారీ అనే కుక్క 1800 నుంచి 1814 దాకా బతికింది. నలభై మందికి పైగా మనుషులను మంచులోంచి కాపాడిందని చెప్పుకుంటారు. దాని ఒంటిని బెర్న్ నగరం మ్యూజియంలో భద్రం చేశారు. ఆ బారీ బరువు నలభై, నలభై అయిదు కిలోలకు మించదని మ్యూజియం వాళ్ళ అంచనా. ఇవాళ మనం చూసే భారీ శరీరం, జూలు లాంటి బొచ్చు తర్వాత వచ్చినవి. పందొమ్మిదో శతాబ్దంలో న్యూఫౌండ్‌లాండ్ జాతితో కలిపాక పొడుగు బొచ్చు వచ్చింది. ఆ బొచ్చుకు మంచు గడ్డకట్టి అంటుకుంటే ఆ కొండల్లోనే అవి పనికి రాలేదు. ఆల్ప్స్‌లోనే బరువైన బొచ్చును ఇంద్రకీలాద్రి రాళ్ళు కాగే మే నెలలో మోయమనడం ఎంత పాపం!

ఆ కుర్రాడు వినలేదు, కొన్నాడు. ఇప్పుడు ఆ కుక్క వేసవంతా ఒక గదిలో ఏసీ కింద ఉంటోంది. కరెంటు పోతే వాళ్ళమ్మ దానికి తడిగుడ్డలు కప్పుతూ కూర్చుంటుంది. ఆమె ఓపికకు నేను దణ్ణం పెడతాను. కానీ బయటి గాలి పీల్చడమే ప్రమాదమయ్యే చోట ఒక ప్రాణిని నాలుగు నెలలు గదిలో ఉంచడాన్ని పెంపకం అనడానికి నాకు మనసొప్పదు. ఏసీ ఉంది కదా అని హస్కీలను, సెయింట్ బెర్నార్డ్‌లను, టిబెటన్ మాస్టిఫ్‌లను మన తీరానికి తేవడం మానుకోవాలి. ఈ మాట అమ్మేవాళ్ళు చెప్పరు. కొనేవాళ్ళే అనుకోవాలి.

మన నేలకు తగిన కుక్క మన దగ్గరే ఉంది. కొల్లేరు చుట్టుపక్కల, కృష్ణా గోదావరి జిల్లాల తీరం వెంట జోనంగి అనే జాతి ఉండేది. ఇప్పుడూ అక్కడక్కడా ఉంది. పొట్టి బొచ్చు, సన్నటి ఒళ్ళు. మొరగడం తక్కువ, ఒక రకమైన కూత పెడుతుంది. ఎండకు నేలలో గొయ్యి తవ్వుకుని అందులో పడుకుంటుంది. బాతులు మేపుకునేవాళ్ళకు తోడుగా చెరువు గట్ల మీద తిరిగేది. చేపల చెరువులు పెరిగి బాతుల మందలు తగ్గాక దీనికి పని పోయింది, సంఖ్యా పోయింది. ఇంటికి ఒక కుక్క ఉంటే చాలు, ఫలానా పెద్ద జాతే కావాలన్న పట్టుదల లేదు అనేవాళ్ళు ముందు జోనంగిని వెతకండి. తమిళనాడు రాజపాళయం, కర్ణాటక ముధోల్ కుక్కలు కూడా మన వేడికి అలవాటుపడ్డవే, పొడగరులే.

అయినా గ్రేట్ డేనే కావాలంటే సరే. ఆ ఇష్టాన్ని నేను అర్థం చేసుకోగలను. అంత పెద్ద ఒంట్లో అంత మెత్తటి స్వభావం చూస్తే ఎవరి మనసైనా కరుగుతుంది. మా మామగారు భోజనానికి కూర్చుంటే భీముడు తల తెచ్చి ఆయన మోకాలి మీద పెట్టేవాడు. అప్పటికి ఆయనకు చూపు ఆనేది కాదు. ముద్ద కలుపుతూ ఎడమచేత్తో వాడి చెవులు తడుముకునేవారు. ఆయన పోయాక చాలా రోజులు వాడు ఆ పీట దగ్గరికే వెళ్ళి పడుకున్నాడు.

అయితే ఎవరి దగ్గర కొంటున్నారన్నది చూడాలి. పిల్లకు సంబంధం చూసేటప్పుడు మూడు తరాలు ఆరా తీస్తాం కదా, ఇక్కడా అంతే. తల్లినీ తండ్రినీ కళ్ళారా చూడాలి. తుంటి ఎక్స్‌రే, గుండె పరీక్ష తీయించారా అని అడగాలి. అన్నిటికీ మించి, ఈ పిల్ల తాత ఇంకా బతికే ఉన్నాడా, పోతే ఎన్నేళ్ళకు పోయాడు అని అడగాలి. గ్రేట్ డేన్ ఆయుష్షు మామూలుగా ఏడు నుంచి పదేళ్ళు. ప్రపంచంలోనే పొడవైన కుక్కగా గిన్నిస్‌లో ఎక్కిన జ్యూస్, అమెరికాలోని మిషిగన్‌ది, 44 అంగుళాల ఎత్తు ఉండేది. 2014లో అయిదేళ్ళకే పోయింది. ఎత్తును చూసి మురిసిపోయేవాళ్ళు ఆ అయిదేళ్ళను కూడా చూడాలి. ఆడపిల్లను తెచ్చుకుంటే బరువులో పది పదిహేను కిలోలు తక్కువుంటుంది, మన చేతులకు అది చాలా తేడా. కుక్కల పెంపకం, అమ్మకంపై 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదై ఉండాలి. నెల రోజుల పిల్లను బుట్టలో పెట్టి బస్సులో పంపిస్తామనేవాళ్ళకు డబ్బు కట్టకండి.

2024 మార్చిలో కేంద్రం 23 రకాల కుక్కలను నిషేధించమని రాష్ట్రాలకు లేఖ రాసింది. రాట్‌వైలర్, మాస్టిఫ్‌లు, కేన్ కోర్సో అందులో ఉన్నాయి. నెల తిరక్కుండా కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. జాతి పేరు చూసి నిషేధించడం వల్ల ఒరిగేదేమీ లేదని నా నమ్మకం. కానీ అరవై కిలోల కుక్క కరవక్కర్లేదు, ప్రేమతో మీదికి ఎగబడినా ముసలివాళ్ళు పడి తుంటి విరుగుతుంది. దసరా నవరాత్రుల్లో కెనాల్ రోడ్డు వినాయకుడి గుడి దగ్గర మొదలయ్యే అమ్మవారి క్యూలు, మా సందుల నిండా జనం. అలాంటి చోట గొలుసు పట్టుకున్న మనిషి కుక్కను నిలబెట్టలేకపోతే ఆ కుక్క వీధిలోకి రాకూడదు. మనుషుల మీదికి ఎగరకపోవడం, గొలుసు లాగకపోవడం, ఈ రెండూ పది పదిహేను కిలోల వయసులోనే నేర్పాలి. తర్వాత మన బలం చాలదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు చిత్తూరు దాకా మా చుట్టాలందరూ ఫోన్లు చేశారు. మా వీధి మెరక, నీళ్ళు రాలేదు. రాజరాజేశ్వరిపేటలో మా ఆడపడుచు వాళ్ళు మేడ మీద చిక్కుకున్నారు. వాళ్ళ లాబ్రడార్‌ను ఒక మనిషి భుజాన వేసుకుని పడవలోకి దించాడు. భీముడైతే ఏం చేసేవాళ్ళమో ఆ రాత్రంతా నేను అదే ఆలోచించాను. ఎలుకలు తిరిగే గోడౌన్లు, మురుగు కాలవలు ఉన్న మా లాంటి పేటల్లో వరద తర్వాత లెప్టోస్పైరోసిస్ భయం కూడా ఉంది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళతో వచ్చే జబ్బు అది, మనుషులకూ సోకుతుంది. కుక్కకు వేయించే టీకాలో అది కూడా ఉందో లేదో అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు భీముడికి వెనక కాళ్ళు బలహీనపడ్డాయి. పొద్దున లేపాలంటే పొట్ట కింద నుంచి పాత దుప్పటి మడత దూర్చి, రెండు కొసలూ కలిపి పట్టుకుని, నడుం వంచకుండా మోకాళ్ళ మీద లేవాలి. ముందు వైపు కోడలు, వెనక నేను. లేచాక వాడు నాలుగడుగులు తనే వేస్తాడు. గడప దగ్గర ఆగి మా వంక చూస్తాడు, మళ్ళీ పట్టమని. మంచి పరుపు, రోజూ ఒళ్ళు పక్కకు తిప్పడం, మోచేతుల దగ్గర పుండ్లు పడకుండా కొబ్బరినూనె. ఇద్దరు మనుషులు లేని ఇంట్లో ఈ పని జరగదు.

ఒక విన్నపం ప్రభుత్వానికి కూడా. 2022 మేలో మన రాష్ట్రంలో 175 పశు వైద్య సంచార వాహనాలు మొదలయ్యాయి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వస్తాయి. వెయ్యి కిలోల పశువును కూడా ఎత్తి లోపలికి చేర్చే హైడ్రాలిక్ లిఫ్టు వాటిలో ఉంది. పల్లెల్లో పాడి రైతుకు అది పెద్ద ఆసరా, దాన్ని ఒక్క గంట కూడా తగ్గించమని అడగను. దానికి తోడు విజయవాడ నగరానికి అలాంటి బండి ఒకటి, రాత్రిళ్ళు తిరిగేది, విడిగా ఇవ్వండి. రుసుము పెట్టండి, కడతాం. గన్నవరంలో 1998 నుంచి పశువైద్య కళాశాల ఉంది, చదువుకున్న పిల్లలున్నారు. అర్ధరాత్రి కడుపు మెలితిరిగిన కుక్కనో, రోడ్డు మీద కాలు విరిగిన ఆవునో టేబుల్ దాకా చేర్చే బండే మాకు లేనిది.